జేజి పేరు, తన పేరు: బెంగళూరు నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి సందీప్, అతని అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. రాసిందాన్ని ముగ్గురూ చదివారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. సందీప్ అన్నది కూడా అసలు పేరు కాదు. అతను ఎంచుకున్న పేరుకు తీరులోనూ కాలంలోనూ దగ్గరగా ఉండే ఇంకో పేరు. పుట్టినప్పుడు పెట్టిన పేరును మాత్రం మార్చి కూడా రాయను. అది అతనికి నేనిచ్చిన మాట. చెప్పక తప్పని చోట 'జేజి పేరు' అంటాను. రాయలసీమలో నాయనమ్మను జేజి అంటారు.

వచ్చిన కారణం

సందీప్ కౌన్సెలింగ్‌కు నా దగ్గరికి వచ్చింది 2022 చివర్లో. అప్పటికి 25 ఏళ్లు. వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇల్లు కె.ఆర్. పురంలో. నాన్నకు హార్డ్‌వేర్ కొట్టు ఉంది. హిందూపురం దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. ఒక చెల్లెలు డిగ్రీ చదువుతోంది.

పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదయ్యాడు. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచే తాను మగవాడినని అతనికి తెలుసు. ఆ విషయంలో అతనికి సందేహం లేదు, నా దగ్గరికి ఆ ప్రశ్నతో రాలేదు కూడా. నిద్ర పట్టడం లేదని వచ్చాడు. మీటింగులో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే గుండె దడదడలాడుతుంది. వీడియో కాల్‌లో తన బొమ్మ కింద కనిపించే పేరును చూడలేక కెమెరా ఆపేస్తాడు. కొరియర్ వాడు గేటు దగ్గర నిలబడి గట్టిగా పేరు చదివితే బయటికి రాడు, చెల్లెల్ని పంపిస్తాడు. ఆఫీసులో కొత్త ఐడీ కార్డులు ఇస్తున్నామని, పేరు సరిచూసుకొమ్మని మెయిల్ వచ్చిన రోజు నుంచి తిండి కూడా తగ్గింది.

"నేనెవరో నాకు తెలుసు మేడం. నన్నేమని పిలవాలో తెలియడం లేదు. ఏ పేరు అనుకున్నా మా నాయన మొహం కళ్లముందుకొస్తుంది" అన్నాడు.

ముందు భద్రత సంగతి చూశాను. పొద్దున లేవకుండా ఉంటే బాగుండునన్న ఆలోచనలు వచ్చిపోతున్నాయి, ప్రాణం తీసుకునే ప్రయత్నంగానీ పథకంగానీ లేదు. ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రి ఏం చేయాలి అన్నది ఇద్దరం కలిసి రాసుకున్నాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు అతని ఫోన్‌లో ఎక్కింది. నిద్రకూ దిగులుకూ సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను, కొన్నాళ్లు మందులు వాడాడు.

కేసు పత్రంలో అతని జెండర్‌ను జబ్బుగా రాయలేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసి లైంగిక ఆరోగ్యం కింద పెట్టింది. వైద్యం అవసరమైంది అతని దిగులుకు, నిద్రకు, భయానికి. ఇదెందుకు చెప్తున్నానంటే, అంతకు ముందు ఇంట్లోవాళ్లు 'సరిచేస్తాను' అన్న ఒకరి దగ్గరికి అతన్ని తీసుకెళ్లారు. అలా మార్చే ప్రయత్నాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఈ సంగతి మొదటి కలయికలోనే అమ్మానాన్నలకు చెప్పేశాను. ఇక్కడ ఆ పని జరగదని వాళ్లకు స్పష్టంగా తెలియాలి.

పేరు ఎందుకు ముందు

హార్మోన్లు, ఆపరేషన్ గురించి సందీప్‌కు తర్వాత ఆలోచిద్దామన్న ఉద్దేశం ఉంది. పేరు మాత్రం ఆగేలా లేదు. దాన్ని చిన్న విషయమని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అమెరికాలోని మూడు నగరాల్లో సందీప్ లాంటి, 15 నుంచి 21 ఏళ్ల ట్రాన్స్ యువత 129 మంది మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఇల్లు, బడి, పని, స్నేహితులు అనే నాలుగు చోట్లలో ఎన్ని చోట్ల తాము ఎంచుకున్న పేరుతో పిలిపించుకోగలుగుతున్నారో చూశారు. ఒక చోటు పెరిగేకొద్దీ దిగులు లక్షణాలు తగ్గాయి, ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ఆత్మహత్యా ప్రవర్తన 56 శాతం తక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే, మన దేశానిది కాదు. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను చూస్తున్నదానికి ఇది దగ్గరగా ఉంది. ముఖ్యంగా ఆ 'చోట్లు' అన్న మాట నాకు పనికొచ్చింది. పేరంటే ఒక్కసారిగా ప్రకటించేదే కానక్కర్లేదు, ఒక్కో చోట నాటుకుంటూ పోవచ్చు.

నా వృత్తిలో నేను గట్టిగా పట్టుకున్న అభిప్రాయం ఒకటి ఇక్కడే చెప్తాను. పేరు ముందు మనుషుల నోళ్లలో నలగాలి, కాగితం తర్వాత. చాలామంది తొందరపడి అఫిడవిట్‌తో మొదలుపెడతారు. కాగితం మీద పేరు మారగానే మనుషులు మారతారని ఆశ. కాగితానికి పరిమితులున్నాయి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, లింగం ఒక్కసారే. అందుకే ఒక పేరు తనకు అతికిందని మనిషి తేల్చుకునేదాకా నేను దరఖాస్తు గురించి తొందరపెట్టను.

ఆ పేరు ఎవరిది

సందీప్ నాన్న మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ అంచున కూర్చున్నారు. ఆయన్ను జెండర్ గురించి అడగలేదు. మీ బిడ్డకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పండి అన్నాను.

ఆయన తల్లి హిందూపురం మార్కెట్లో చింతపండు వ్యాపారం చేసింది. భర్త చిన్నవయసులోనే పోతే నలుగురు పిల్లల్ని ఆ చింతపండు మీదే పెంచింది. ఆయన బెంగళూరు వచ్చి కొట్టు పెట్టడానికి డబ్బిచ్చింది ఆమే. భార్య నెల తప్పిందని తెలిసిన కొన్నాళ్లకు ఆమె పోయింది, మనవసంతానాన్ని చూడలేదు. నామకరణం రోజు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో తల్లి పేరు రాస్తుంటే చేయి వణికిందని చెప్పారు. ఆ రోజు నుంచి ఆ బిడ్డను ఆయన పేరుతో పిలవలేదు. 'అమ్మా' అనే పిలిచారు. బిడ్డ మీద చేయెత్తలేదు, కోపంలో ఒక మాట అనలేదు. తల్లి పేరు పెట్టుకున్న బిడ్డను తిట్టడానికి నోరు రాదు. మనలో చాలా ఇళ్లలో ఉన్నదే ఇది.

"నేను బతికుండంగా మాయమ్మ పేరు తీసేస్తానంటాడు మేడం. రెండోసారి సచ్చిపోయినట్టు గదా ఆమె."

'తీసేస్తానంటాడు' అన్నారు. ఆ మాటలో బిడ్డను మగవాడిగా చెప్పానని ఆయనకే తెలియలేదు. నేను ఎత్తి చూపలేదు. అలాంటివి ఎత్తి చూపితే మనిషి ముడుచుకుపోతాడు.

ఇక్కడి నుంచి కేసు గురించి నా అవగాహన మారింది. ఇంట్లో పైకి కనిపిస్తున్నది జెండర్ మీద గొడవ. అడుగున ఉన్నది ఇరవై ఐదేళ్ల నాటి, ఎవరూ కూర్చుని ఏడవని ఒక చావు. తల్లి పోయిన దుఃఖాన్ని ఆయన బిడ్డ పేరులో దాచుకున్నారు. ఆ బరువు బిడ్డ మోస్తున్నాడు. నేను మగవాడినని చెప్పడం కన్నా, నీ తల్లి పేరు నాకొద్దని చెప్పడమే సందీప్‌కు కష్టమైంది. కొన్ని పుస్తకాల్లో పేరును వ్యక్తి సొంత నిర్ణయంగా చూసి అక్కడితో ఆపేస్తారు. నిర్ణయం అతనిదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మన ఇళ్లలో పేరు పెట్టేటప్పుడే దాని మీద ఇంకొకరి హక్కు ఉంటుంది. ఆ హక్కుదారుతో మాట్లాడకుండా కౌన్సెలర్ ముందుకు పోతే, పేరు మారుతుంది, ఇంట్లో మాట ఆగిపోతుంది.

నాన్నతో విడిగా కూర్చున్న రోజులన్నీ ఆ తల్లి గురించే. ఆమె తూకం ఎలా వేసేది, సంతలో ఎవరిని ఎలా మాటలతో కట్టేసేది, ఉగాదికి ఓళిగలు ఎన్ని చేసేది. ఆయనకు ఆమె ఫోటో ఒక్కటే ఉంది, రేషన్ కార్డుది. పేరు కాక ఆమెది ఇంకేం మిగిలిందో చెప్పండి అంటే మొదట ఏమీ లేదన్నారు. తర్వాత కొట్టులో ఇప్పటికీ వాడుతున్న ఇత్తడి కాటా గురించి చెప్పారు. ఇంకో రోజు, అప్పిచ్చినవాడి ముందు తల దించకపోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నానన్నారు. ఈ మాటల వల్ల ఆయన ఒప్పుకున్నారని నేననను. ఆయన ఏడ్చారు. ఏడ్చినందువల్ల బిడ్డ మాట వినడానికి చోటు దొరికింది.

కుదరని పేర్లు

ఈలోగా సందీప్ పేర్లు వెతుకుతున్నాడు. ఇది చాలా మంచి దశ, దీన్ని గబగబా దాటించకూడదు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టినంత సులువు కాదిది. పాతికేళ్ల మనిషికి పేరు పెట్టడం.

మొదట ఒక పిల్లల పేర్ల జాబితా నుంచి 'విహాన్' ఎంచుకున్నాడు. వారానికే వదిలేశాడు. ఆ పేరు ఇప్పుడు యూకేజీ చదివే పిల్లలది, తన ఈడువాళ్లలో ఎవరికీ లేదు. ఆ పేరుతో గదిలోకి వెళ్తే అందరూ తలెత్తి చూస్తారు. అతనికి కావలసింది ఎవరూ తలెత్తి చూడకపోవడం. తర్వాత 'విక్రమ్'. ఇద్దరు స్నేహితులు కొన్నాళ్లు అలాగే పిలిచారు. "బాగానే ఉంది మేడం, కానీ పిలిస్తే నేను తిరగడం లేదు. పక్కన ఇంకెవరో ఉన్నట్టుంటుంది" అన్నాడు.

పేర్లను పరీక్షించడానికి నష్టం లేని చోట్లు కావాలి. తిండి తెప్పించే యాప్‌లో పేరు మార్చుకున్నాడు. కప్పు మీద పేరు రాసిచ్చే కాఫీ షాపులో చెప్పి చూశాడు. ఆదివారం కొత్తగా చేరిన బ్యాడ్మింటన్ జట్టులో చెప్పి చూశాడు. ఇంటికొచ్చి ఎలా అనిపించిందో రాసుకునేవాడు. నేనడిగే ప్రశ్నలు మామూలువే. ఇంటిపేరుతో కలిపి గట్టిగా చదివితే ఎలా ఉంది? బ్యాంకు ఫోన్‌లో రెండుసార్లు చెప్పాల్సి వస్తోందా? కన్నడవాళ్ల నోట ఎలా పలుకుతోంది? అమ్మ కోపంలో పిలిస్తే ఎలా ఉంటుంది? చివరి ప్రశ్నకు ఎప్పుడూ నవ్వేవాడు. అమ్మ కోపంలో పిలవగలిగే పేరే ఇంట్లో నిలుస్తుందని నా అనుభవం.

నాన్న వైపు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. ఆయన టీవీలో మంజమ్మ జోగతిని చూశారు. బళ్లారి ప్రాంతపు జోగతి నృత్య కళాకారిణి, కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలిగా పనిచేసిన ట్రాన్స్ మహిళ. 2021లో పద్మశ్రీ అందుకుంటూ రాష్ట్రపతికి కొంగుతో దిష్టి తీసిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు. "మంజునాథ అని పెట్టిన పేరును ఆమె మంజమ్మ చేసుకుంది గదా. నువ్వు గూడా జేజి పేరును మగపేరు చేసుకో. సగమన్నా ఉంటుంది" అన్నారు. నాకైతే అది పెద్ద అడుగనిపించింది. బిడ్డ మగపేరు పెట్టుకోవచ్చని ఆయన నోటి నుంచి వచ్చిన మొదటిసారి అది.

సందీప్ రాత్రంతా ఆలోచించి వద్దన్నాడు. మొదటి రెండక్షరాలు వినగానే ఒళ్లు బిగుసుకుపోతోందని, మూడో అక్షరం దాకా తాను ఆగలేడని చెప్పాడు. కొందరికి పాత పేరు మొదలు ఉంచుకుంటే ఊరటగా ఉంటుంది, సంతకం కూడా పెద్దగా మారదు. కొందరికి అదే ముల్లు. ఏది మంచిదని కౌన్సెలర్ చెప్పకూడదు.

తర్వాత అమ్మ ఒక సంగతి బయటపెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు, మగబిడ్డ అయితే తాత పేరు పెట్టాలని అనుకున్నారట. నాన్న ముఖం వెలిగింది. జేజి పేరు పోయినా ఆమె భర్త పేరు వస్తుంది, పద్ధతి తప్పదు, బంధువులకు చెప్పుకోవడానికీ బాగుంటుంది. అందరూ సందీప్ వైపు చూశారు. ఆ గదిలో ఒప్పుకోవడం ఎంత సులువో నాకు తెలుసు, అందుకే వెంటనే జవాబు అడగలేదు. వారం తర్వాత అతనే వచ్చి చెప్పాడు: "ఒక చనిపోయినవాళ్ల పేరు దించి ఇంకో చనిపోయినవాళ్ల పేరు ఎత్తుకోలేను నాయనా. వాళ్లంటే నాకు గౌరవమే. కానీ నాకు ముందు ఎవరూ వాడని పేరు కావాలి మన ఇంట్లో." నాన్నకు కోపం వచ్చింది, కొన్నాళ్లు రాలేదు. ఈ కేసులో నేను ఎక్కువ గౌరవించింది సందీప్ ఆ రోజు చెప్పిన 'కాదు'ను.

హిజ్రా సమాజంలోనూ, యల్లమ్మను కొలిచే జోగప్పల సమాజంలోనూ పేరు ఇవ్వడానికి గురువు ఉంటారు, ఆ ఇంట్లోకి వెళ్తూ మనిషి కొత్త పేరుతో వెళ్తారు. చెన్నైలో భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్‌కు ఆ 'నర్తకి' అన్న పేరు గురువు కిట్టప్ప పిళ్లై పెట్టింది. ట్రాన్స్ పురుషులకు అలాంటి ఇల్లు, అలాంటి గురుపీఠం మన దగ్గర లేదు. ఒంటరిగా ఫోన్‌లో వెతుక్కుంటారు. అందుకే అమ్మ ముందుకొచ్చినప్పుడు నాకు సంతోషమేసింది.

అమ్మ అడిగింది ఒక్కటే, జన్మనక్షత్రం అక్షరం. బిడ్డది శతభిషం. గో, సా, సీ, సూ. జేజి పేరు పెట్టడం వల్ల ఆ రోజు నక్షత్రం చూడలేదట, అది ఆమె మనసులో ఉండిపోయింది. సందీప్‌కు నక్షత్రాల మీద నమ్మకం లేదు. కానీ ఆ కోరికలో తనను ఆడపిల్లగా ఉంచే ప్రయత్నం లేదని గమనించాడు. అక్షరం అమ్మది, పేరు నాది అన్నాడు. 'స'తో మొదలయ్యే పేర్లలో తన తరగతిలో ఇద్దరికి ఉన్న, 1997లో పుట్టిన తెలుగు కుర్రాడికి ఎక్కడైనా ఉండదగ్గ పేరు తీసుకున్నాడు. బ్యాడ్మింటన్ కోర్టులో ఎవరో ఆ పేరుతో అరిస్తే ఆలోచించకుండా తిరిగాడట. అదే మాకు గుర్తు.

ఇంట్లో పేరు కన్నా ముందు మారేవి

పేరు దొరికితే ఇంట్లో అంతా ఆ పేరుతో పిలవడమే మిగిలిందనుకుంటాం. తెలుగు ఇళ్లలో పేరుతో పిలిచేది తక్కువ. చెల్లెలు 'అక్కా' అంటుంది, అమ్మ 'పాపా' అంటుంది, నాన్న 'అమ్మా' అంటారు. ఆధార్ మారినా ఈ మూడు పిలుపులూ అలాగే ఉంటే అతనికి ఒరిగేదేమీ లేదు. నేను కుటుంబంతో పని చేసేటప్పుడు ముందు పిలుపుల పట్టిక వేస్తాను. ఎవరు ఎవర్ని ఏమంటారు, ఏది ఎప్పుడు మారగలదు.

చెల్లెలు మొదటి రోజే 'అన్నా' అంది. కాలేజీలో ఎప్పటి నుంచో అలాగే చెప్పుకుంటోందని తర్వాత తెలిసింది. అమ్మకు క్రియలతో ఇబ్బంది. ఎదురుగా మాట్లాడేటప్పుడు 'వచ్చావు, తిన్నావు' అనేస్తే చాలు, ఆడా మగా తేడా రాదు. అతను పక్కగదిలో ఉన్నప్పుడు 'తినింది, పోయింది' అని అలవాటుగా వచ్చేస్తుంది. తప్పు దొర్లిన ప్రతిసారీ ఆమె ఏడ్చేది, ఆమెను ఓదార్చడం సందీప్ పనయ్యేది. దాన్ని ఆపించాను. తప్పు పోతే సరిచేసి వాక్యం పూర్తి చేయండి, క్షమాపణలు వద్దు అన్నాను. ఇంటి లోపల ఎవరికీ వినిపించని చోట, కూర తరుగుతూ, 'సందీప్ లేచినాడు, సందీప్ స్నానానికి పోయినాడు' అని ఆమె తనకు తానే చెప్పుకునేది.

ఆమె మనసు మళ్లిన క్షణం వేరే ఉంది. వరసలు ఎలా మారతాయో రాస్తున్నాం. చెల్లెలికి పెళ్లయితే ఆ అల్లుడికి వదిన కావలసిన మనిషి బావ అవుతాడు. పుట్టే పిల్లలకు పెద్దమ్మ కావలసిన మనిషి మేనమామ అవుతాడు. అక్కడ ఆమె ఆగింది. ఇద్దరూ ఆడపిల్లలే, రేపు మనవళ్లకు చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునే మేనమామ ఉండడని అత్తింట్లో ఎవరో ఎప్పుడో అన్న మాట ఆమెకు ఏళ్లుగా గుచ్చుకుంటోంది. "అయితే దాని పిల్లోళ్లకు మేనమామ ఉన్నాడు" అంది నెమ్మదిగా. కొడుకు లేని లోటు తీరిందన్న సంతోషం వెనకున్న భావజాలం నాకు నచ్చేది కాదు. అయినా ఆ రోజు ఆమెతో వాదించలేదు. ఆమెకు అందిన దారి అది. సందీప్‌తో మాత్రం దాని గురించి మాట్లాడాను. కొడుకుగా ఒప్పుకోవడంతో పాటు కొడుకు మీద వేసే బరువులన్నీ వస్తాయి. ఏవి ఎత్తుకుంటాడో, ఏవి ఎత్తుకోడో అతనే తేల్చుకోవాలి.

నాన్న చాలా నెలలు ఏ పిలుపూ లేకుండా గడిపారు. "ఇదిగో", "వింటాండావా" అంతే. బయటివాళ్లకు ఇది తిరస్కారంగా కనిపిస్తుంది. నాకు అలా అనిపించలేదు. 'అమ్మా' అనడం మానేశారు, ఆయనకు అదే పెద్ద నష్టం. ఖాళీని ఖాళీగా ఉండనివ్వమని సందీప్‌కు చెప్పాను. తర్వాత ఒక రోజు కొట్టుకు సరుకు వేసే మనిషితో ఫోన్‌లో "మా సందీప్ వస్తాడు, వాని చేతికియ్యి" అన్నారట. సందీప్‌తో నేరుగా అనడానికి ఇంకొంత కాలం పట్టింది.

మళ్లీ నామకరణం చేద్దామా అని మేనత్త అడిగింది, పళ్లెం, బియ్యం, ఉంగరం అన్నీ పెట్టి. ప్రేమతోనే అడిగింది. సందీప్ వద్దన్నాడు. పది మంది ముందు కూర్చుని పేరు పెట్టించుకునే వయసు దాటానన్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

కాగితాలు

2023లో కాగితాల పని మొదలుపెట్టాం. కింద రాసినవి ఆ కాలంలో అమల్లో ఉన్న నియమాలు. దరఖాస్తు చేసేవాళ్లు ఆ రోజున ఉన్నవి సరిచూసుకోవాలి.

మామూలుగా పేరు మార్చుకునేవాళ్లు నోటరీ అఫిడవిట్ చేయించి, పత్రికల్లో ప్రకటన వేసి, గెజెట్‌కు వెళ్తారు. పాత పేరు, కొత్త పేరు, చిరునామా పత్రికలో పక్కపక్కన అచ్చవుతాయి. ట్రాన్స్ వ్యక్తికి అది ప్రమాదం. ఇంటి యజమాని, ఊరివాళ్లు, ఎవరైనా చూడొచ్చు. సందీప్ రెండో దారి తీసుకున్నాడు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయసేవల సంస్థ (నాల్సా) వేసిన కేసు తీర్పులో తన జెండర్‌ను తానే నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం, 2020 నియమాల కింద జిల్లా మేజిస్ట్రేట్‌కు జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసి గుర్తింపు సర్టిఫికెట్ తీసుకునే వీలు అప్పుడు ఉండేది. ఫారం, అఫిడవిట్ సరిపోయేవి. "మీ ఉత్తరం కావాలా మేడం?" అని అడిగాడు. ఆ నియమాల్లో డాక్టరు పరీక్షగానీ నాలాంటివాళ్ల నివేదికగానీ అడగలేదు, అప్పట్లో అడగకూడదు కూడా. ఎవరైనా కింది ఉద్యోగి అడిగితే నియమం చూపించమని చెప్పి పంపాను.

ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు జనన ధృవపత్రంలోనూ మిగతా అధికారిక పత్రాల్లోనూ మొదటి పేరు మార్చుకునే హక్కు చట్టం ఏడో సెక్షన్ ఇస్తుంది. ఇంటిపేరు కాదు, మొదటి పేరు. మార్చిన పత్రానికి పాత నంబరే ఉండాలని నియమం. దీనివల్ల పాన్, పీఎఫ్, బ్యాంకు చరిత్ర తెగిపోవు. ఒక ఇబ్బంది ఉంది. ఆ సర్టిఫికెట్ మీద 'ట్రాన్స్‌జెండర్' అని ఉంటుంది. పురుషుడు అని రావాలంటే ఆపరేషన్ లాంటి వైద్యం తర్వాత మళ్లీ దరఖాస్తు చేయాలి. ప్రతి కిటికీ దగ్గరా తన సంగతి చెప్పుకోవడం సందీప్‌కు ఇష్టం లేదు. చాలా ఆలోచించి, పేరు ఇప్పుడు, లింగం గడి తర్వాత అని నిర్ణయించుకున్నాడు. ఆధార్‌లో లింగం ఒక్కసారే మార్చగలగడం దీనికి ముఖ్య కారణం.

వరస ముఖ్యం. ముందు ఆధార్, దాని తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, పీఎఫ్. ఆధార్, పాన్ పేర్లు కలవకపోతే జీతం దగ్గరా పీఎఫ్ దగ్గరా ఆగిపోతుంది. తెలుగువాళ్లకు ఇంకో చిక్కు, ఇంటిపేరు. ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు ఉండి గొడవ అవుతుంది. పేరు మార్చేటప్పుడే ఇంటిపేరును రెండింట్లో ఒకేలా రాయించుకోవడం మంచిది. కర్ణాటకలో ఆధార్ మీద కన్నడ లిపిలో కూడా పేరు వస్తుంది. ఒప్పుకునే ముందు ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లతో చూపించుకోవాలి.

ఆఫీసుతో పని తేలిగ్గా అయింది. చట్టం తొమ్మిదో సెక్షన్ ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది, పదకొండో సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అక్కడిదాకా పోనక్కర్లేకపోయింది. జీతం పత్రంలో చట్టబద్ధమైన పేరు మారేదాకా ఆగి, మెయిల్‌లోనూ ఐడీ కార్డు మీదా వాడుక పేరు ముందే మార్చారు. ఏ కంపెనీ అయినా ఇది చేయగలదు, దీనికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

జనన ధృవపత్రం మిగిలింది. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి అతని జననం హిందూపురంలో నమోదైంది, చదువంతా బెంగళూరులో. రెండు రాష్ట్రాల కాగితాలు. కర్ణాటకలో పుట్టినవాళ్ల విషయంలో 2024 డిసెంబరులో ఇక్కడి హైకోర్టు, చట్టం సవరించేదాకా పాత వివరాలూ కొత్త వివరాలూ రెండూ చూపే సవరించిన పత్రం ఇవ్వాలంది. పాత పేరు కూడా కనిపించే పత్రం సందీప్‌కు వద్దు. అందుకని అతను ప్రస్తుతానికి జనన ధృవపత్రం జోలికి పోలేదు. ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డు దరఖాస్తు నడుస్తోంది.

ఇప్పుడు

నిద్ర కుదుటపడింది, సైకియాట్రిస్టు సలహాతో మందులు ఆపాడు. చనిపోవాలన్న ఆలోచనలు చాలాకాలంగా లేవు. మీటింగుల్లో కెమెరా ఆన్‌లో ఉంటుంది. నా దగ్గరికి ఇప్పుడు అవసరమైనప్పుడే వస్తున్నాడు.

ఈమధ్య వచ్చింది చెల్లెలి సంబంధం గురించి. అబ్బాయి తరఫువాళ్లకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, పెళ్లిపత్రిక మీద 'సోదరుడు' అని ఎవరి పేరు వేయాలి అన్న చర్చ ఇంట్లో మొదలైంది. ముందే చెప్పేయాలని చెల్లెలు, నిశ్చితార్థం అయ్యాక అని అమ్మ. నాన్న ఇంకా ఏమీ అనలేదు. తన సంగతి ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు సందీప్‌ది, పెళ్లి చెల్లెలిది. ఈ రెండింటినీ ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడటానికి వచ్చే వారం అన్నాచెల్లెళ్లిద్దర్నీ రమ్మన్నాను.